తెరమీది కరువు, ఇంటిలోని తాళం



పోయిన నెలలో ఉరవకొండ వైపు ఒక పల్లె నుండి ఒక తల్లి ఉత్తరం వ్రాసింది. పేరు వేయవద్దని కోరింది కనుక వేయడం లేదు. "అయ్యా, సెలవులు ఇచ్చినప్పటి నుండి మా పిల్లలు సెల్‌ఫోన్‌లో సినిమాలు చూడటమే పనిగా పెట్టుకున్నారు. ఒకనాడు లోకం పాడైపోయిన సినిమా అంటారు, ఇంకొకనాడు ఇంటిల్లిపాదీ ఏడ్చే సినిమా అంటారు. వద్దంటే అలుగుతారు. సరే అంటే మా అత్తగారు నన్ను కోప్పడతారు. మీరేమంటారు?" అని అడిగింది.

ఈ తల్లికి వెంటనే జవాబు వ్రాయలేకపోయాను. ఎందుకంటే నిజమైన జవాబు చెప్పాలంటే నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఈ నెల చెబుతాను. ముందు సినిమాల సంగతి చూద్దాం.

నా చిన్నతనంలో మా ఊరికి డేరా సినిమా వచ్చేది. నేల టికెట్టు కొని మాయాబజార్ చూసి వచ్చానని తెలిసి, మా సంఘపెద్ద నన్ను ఆదివారం బడి అయిపోయేదాకా నిలబెట్టాడు. సినిమా అన్నమాటే ఆయనకు గిట్టేది కాదు. 1978లో కరుణామయుడు విడుదలైంది. విజయచందర్ గారు యేసుప్రభువుగా నటించిన ఆ చిత్రాన్ని తరువాతి సంవత్సరాలలో ఊరూరా తెరకట్టి చూపించారు. మా ఊరికి వచ్చిననాడు గుడి ఆవరణలో రెండు గుంజలు పాతి, తెల్లగుడ్డకు తాడు బిగించింది ఎవరనుకున్నారు? నన్ను నిలబెట్టిన ఆ పెద్దాయనే. డేరాలోని గుడ్డా గుడ్డే, గుడి ఆవరణలోని గుడ్డా గుడ్డే. దానిమీద ఏమి చూపిస్తున్నారు, చూసి లేచిన తరువాత మనం ఏమి చేస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న అని ఆనాడు తెలియలేదు. తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇంకొక మాట. సినిమా ఎక్కడో మద్రాసులోనో హైదరాబాదులోనో పుట్టిందనీ, మన కరువుసీమకు దానితో సంబంధం లేదనీ అనుకుంటాం. కానీ 1951లో పాతాళభైరవిని, 1957లో మాయాబజార్‌ను తీసిన దర్శకుడు కె.వి. రెడ్డి గారు మన తాడిపత్రిలో 1912లో పుట్టినవారు. మాయాబజార్‌లో ఒక పెట్టె ఉంటుంది, దాని పేరు ప్రియదర్శిని. మూత తెరిచి చూస్తే, చూసినవారికి ఎవరంటే ప్రేమో వారే అందులో కనబడతారు. ఇప్పుడు ప్రతి పిల్లవాని చేతిలోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంది. దానిలో వాడు ఏమి చూస్తున్నాడో తెలుసుకుంటే వాని మనసు దేనివైపు పోతున్నదో మనకు తెలుస్తుంది. అందుకని పెట్టె లాక్కోవడంకంటే ప్రక్కన కూర్చోవడం మంచిదని నేనంటాను.

కె.వి. రెడ్డి గారి దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు సింగీతం శ్రీనివాసరావు గారు. 1991లో ఆయన ఆదిత్య 369 అనే చిత్రం తీశారు. కాలయంత్రం ఎక్కి ఒక యువకుడూ ఒక యువతీ మొదట 1526వ సంవత్సరానికి, అంటే శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోతారు. తరువాత 2504వ సంవత్సరానికి పోతారు. అక్కడ లోకమంతా అణుయుద్ధంతో పాడైపోయి, మనుషులు భూమి అడుగున బ్రతుకుతూ ఉంటారు. అందులో నటించిన బాలకృష్ణ గారు తరువాత 2014లో మన హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. పాడైపోయిన రేపటి లోకాన్ని తెలుగు తెరమీద చాలామంది మొదటిసారి చూసింది ఆ చిత్రంలోనే.

ముప్పై మూడేళ్ల తరువాత, 2024 జూన్ 27న, నాగ్ అశ్విన్ గారి కల్కి 2898 ఏ.డి. వచ్చింది. ఆ చిత్రానికి సలహాలు ఇచ్చిన పెద్దదిక్కు కూడా సింగీతం గారే. అలా చూస్తే తాడిపత్రిలో పుట్టిన ఒక మనిషి నేర్పిన విద్య మూడో తరానికి అందింది.

కల్కి కథకు మూలం మహాభారతం, దశావతారాల నమ్మకం. మన విశ్వాసం వేరు. పిల్లలకు ఆ సంగతి నెమ్మదిగా చెప్పవచ్చు. కానీ ఆ చిత్రంలో చూపిన లోకాన్ని మాత్రం మన అనంతపురం వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు. గంగ ఎండిపోయింది. భూమిమీద మిగిలిన చివరి పట్టణం కాశీ. అక్కడి జనం దుమ్ములో, దప్పికతో బ్రతుకుతుంటారు. వాళ్ల నెత్తిన ఆకాశంలో తలక్రిందులుగా నిలిచిన కొండలాంటి కట్టడం ఒకటి ఉంటుంది. దాని పేరు కాంప్లెక్స్. నీళ్లూ పచ్చదనమూ మంచి గాలీ అన్నీ దానిలోపలే. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు చెల్లించాలి. ప్రభాస్ గారు వేసిన భైరవ అనేవాడు ఆ సొమ్ముకోసం మనుషులను పట్టిచ్చే పనికి కూడా వెనుకాడడు. గర్భంతో ఉన్న ఒక స్త్రీ బిడ్డను కాపాడుకోవడానికి పారిపోతుంది. ఆ భాగం చూసినప్పుడు మనలో చాలామందికి హేరోదు దినాలు గుర్తుకు వచ్చి ఉంటాయి.

పైన ఉన్నవారి సుఖం, క్రింద ఉన్నవారి బాధ అనే ఈ చిత్రణ క్రొత్తది కాదు. 1927లోనే జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ అనే దర్శకుడు మెట్రోపొలిస్ తీశాడు. అందులో ధనవంతులు పైన మేడలలో ఉంటారు, పనివారు నేల అడుగున ఉంటారు. 2015లో వచ్చిన మ్యాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్‌లో ఎడారిలో ఒక నాయకుడు కొండమీద నుండి నీళ్లను ఒక్క క్షణం క్రిందికి వదులుతాడు. జనం చట్టీలూ గిన్నెలూ పట్టుకొని ఒకరిమీద ఒకరు పడతారు. అంతలోనే కట్టేస్తాడు. ట్యాంకరు వచ్చిన రోజు మన వీధిలో బిందెల దగ్గర జరిగే గొడవను చూసినవారికి అది పరాయి దేశం కథలా అనిపించదు.

మన సంగతి మనకు తెలుసు. పాత అనంతపురం జిల్లాకు సంవత్సరానికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో మనది ఒకటి. పెన్న ఉంది, అందులో ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణానీరు జీడిపల్లి జలాశయానికి చేరినప్పుడు పెద్దవారు పిల్లలను తీసుకొనిపోయి చూపించారు. అంతకుముందు ఆరువందల ఏళ్ల క్రిందట, బుక్కరాయల కాలంలో, ఇక్కడి పాలకులు చెరువులు కట్టించారు. బుక్కరాయసముద్రం అనే పేరు నేటికీ ఆ మాట చెబుతూనే ఉంది. కరువుసీమలో చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్నవారికి నీటి విలువ ఎంత బాగా తెలుసో చూడండి.

ఇంత నీటి కథ మన నేలమీద ఉండగా, సినిమావారు మన సీమను ఎలా చూపించారు? 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు వచ్చి విపరీతంగా ఆడాయి. వాటి తరువాత సీమ అంటే కొడవళ్లు, నాటుబాంబులు, దుమ్ము రేపే సుమోలు. బయటి ఊరిలో చదువుకునే మన పిల్లలను "మీ ఊర్లో రోజూ బాంబులు వేసుకుంటారా?" అని అడిగే రోజులు వచ్చాయి. కక్షలు లేవని నేననడం లేదు. వాటివల్ల విధవలైన తల్లులు మన సంఘాలలోనే ఉన్నారు. కానీ శెనక్కాయ విత్తి, మబ్బువైపు చూసి, చివరకు తట్టాబుట్టా సర్దుకొని బెంగళూరు బస్సెక్కే కుటుంబాన్ని ఆ చిత్రాలు చూపించలేదు. రక్తాన్ని చూపిస్తే టికెట్లు తెగుతాయి. ఎండిన బోరును చూపిస్తే ఎవరు చూస్తారని అనుకున్నారు కాబోలు.

అలా ఎవరు చూస్తారనే అనుమానాన్ని పోగొట్టిన చిన్న చిత్రం 2023 మార్చి 3న వచ్చింది. దాని పేరు బలగం. హాస్యనటుడిగా తెలిసిన వేణు యెల్దండి గారు మొదటిసారి దర్శకత్వం వహించారు. పెద్ద తారలు లేరు, ఫైటింగులు లేవు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిల్లలందరూ చేరుతారు. ఆచారం ప్రకారం పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టదు? ముసలాయన మనసులో కొరత ఉన్నది. కొడుకులూ కూతురూ విడిపోయి ఏళ్లు గడిచాయి. విడిపోవడానికి కారణం వింటే నవ్వు వస్తుంది. విందులో మాంసం కూర వడ్డించేటప్పుడు నల్లిబొక్క, అంటే మూలుగు ఉన్న ఎముక, తనకు వేయలేదని అల్లుడు అలిగాడు. మాట మాట పెరిగింది. అంతే. ఒక ఎముక ముక్క దగ్గర ఒక ఇల్లు విరిగిపోయింది.

మన ఇళ్లలో కాకిముద్ద ఆచారం లేదు. కానీ నల్లిబొక్క లేని ఇల్లు ఎక్కడుంది చెప్పండి? ఎవరో పెండ్లిపిలుపు చేతికివ్వకుండా ఫోనులో చెప్పారు. ఎవరో గట్టు జానెడు జరిపారు. ఎవరో గుడిలో వందనం చెప్పకుండా పోయారు. చివరలో మొగిలయ్య, కొమురమ్మ అనే బుడగజంగాల దంపతులు నిజంగా తమ విద్యతోనే ఆ ఇంటివారి కథ పాడుతుంటే, తెరమీదివారూ తెరముందువారూ కలిసి ఏడ్చారు. ఆ సంవత్సరం తెలంగాణ పల్లెలలో పంచాయతీ ఆవరణలలో తెరలు కట్టి ఊరంతటికీ ఆ చిత్రాన్ని చూపించారు. చూసిన తరువాత ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు కలిసిపోయారని పత్రికలు వ్రాశాయి. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన పాటవల్ల కలిసిన ఇండ్లు ఉన్నాయంటే అది చిన్న మాట కాదు.

ఇక నా ఇంటి సంగతి.

మా నాయన పోయినప్పుడు నాకూ మా తమ్ముడికీ ఆరెకరాల చేను, ఒక బోరు మిగిలాయి. బోరు నా వాటా చేనులో ఉంది. నీళ్లు ఇద్దరివీ అని పెద్దమనుషుల ముందు మాట అనుకున్నాం. కొన్నేళ్లు వంతులు బాగానే జరిగాయి. 2016 వేసవిలో నీళ్లు బాగా అడుక్కి పోయాయి. మోటారు గంట పోస్తే గంట ఆపాలి. ఒక రాత్రి కరెంటు వచ్చినప్పుడు వంతు నాదా, వాడిదా అన్నదగ్గర మాట వచ్చింది. మరునాడు స్టార్టరు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఒక్క తడి చాలక వాడి శెనక్కాయ పైరు కళ్లముందే ఎండిపోయింది. వాడు అప్పు చేసి రెండు బోర్లు వేశాడు. రెండింటిలోనూ దుమ్మే లేచింది. చివరకు పెండ్లాం బిడ్డలను ఊరిలో విడిచి బెంగళూరులో కట్టడాల దగ్గర కాపలా పనికి పోయాడు. వాని కూతురి పెండ్లికి నేను పోలేదు.

ప్రతి నెలా ఈ పేజీలో కుటుంబాలకు బుద్ధులు చెప్పే మనిషి ఎనిమిదేళ్లు అలా ఉన్నాడు.

2023లో బలగం మా ఇంట్లోనే చూశాను. నేనూ ఏడ్చాను. మా ఇంటావిడ నావైపు ఒక్కసారి చూసింది, ఏమీ అనలేదు. కండువాతో కళ్లు తుడుచుకొని, మొలకున్న తాళంచెవి తీసుకొని మోటారు వేయడానికి పోయాను. ఈ మాట వ్రాస్తున్నప్పుడు సిగ్గుగా ఉంది. కానీ వ్రాయాలి, ఎందుకంటే సినిమాల గురించి నాకు తెలిసిన సత్యం ఇదే. ఏడవడం సులభం. తెరముందు కార్చిన కన్నీళ్లు ఇంటికి చేరేలోగా ఆరిపోతాయి.

మరుసటి సంవత్సరం మా మనవడు, తొమ్మిదేళ్లవాడు, కల్కి చూస్తూ నన్ను ప్రక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. వాడే చెబుతున్నాడు. "తాతా, పైనున్నోళ్లు నీళ్లన్నీ పెట్టుకొని తలుపులు మూసినారు. కిందోళ్లకు ఇయ్యరు." సరే అన్నాను. కొంచెంసేపు ఊరుకొని, "మనం గూడా చిన్నతాతోళ్లకు నీళ్లియ్యకుండా తాళమేసినాం గదా. మనం కాంప్లెక్సు వాళ్లమా తాతా?" అన్నాడు.

వాడు నన్ను తిట్టలేదు. ఊరికే తెలుసుకుందామని అడిగాడు. నాకు జవాబు రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారి మొలతాడు నుండి తాళంచెవి విప్పి మా మరదలి ఇంటికి పోయాను. ఆమె చేయి చాపలేదు. "అరుగు మీద పెట్టి పో బావా" అన్నది. పెట్టి వచ్చాను. తరువాత తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఎత్తగానే అడిగిన మొదటిమాట, "ఎవరు పోయినారన్నా?"

ఎనిమిదేళ్ల తరువాత అన్న ఫోన్ చేశాడంటే ఎవరో చచ్చిపోయి ఉండాలనుకున్నాడు. బలగం చిత్రం రెండు గంటలు చెప్పినదంతా ఆ ఒక్క మాటలో ఉంది. "ఎవురూ పోలేదు లేరా. తాళంచెవి మీ ఇంట్లో పెట్టినా" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరువాత వాడు "సరేన్నా" అని పెట్టేశాడు.

ఇప్పుడు వారంలో మూడు రాత్రులు వాళ్ల వంతు, మూడు రాత్రులు మా వంతు, ఏడోనాడు మోటారుకు విశ్రాంతి. మరదలు ఒక ఎకరా తడుపుకుంటోంది. తమ్ముడు బెంగళూరు విడిచి రాలేదు. అప్పు ఇంకా ఉంది. క్రిస్మస్‌కు వచ్చి మా ఇంట్లో భోంచేశాడు. ఇద్దరమూ వానల గురించి మాట్లాడుకున్నాం గాని, ఆ రాత్రి సంగతి ఎత్తలేదు. వాని కూతురి పెండ్లి మాత్రం మళ్లీ జరగదు. ఆ కొరత నాకు ఉంటుంది.

అమ్మా, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు చెప్పగలను. నాకు తోచిన నాలుగు మాటలు ఇవి.

మొదటిది, పిల్లలను ఒంటరిగా చూడనివ్వకండి. ఫోన్ పట్టుకొని మూలకు పోతే ఆ సినిమా వాడి ఒక్కడిదే అవుతుంది. నడింట్లో పెట్టుకొని అందరూ చూస్తే ఇంటివారిది అవుతుంది. మా మనవడు ఆనాడు ఒంటరిగా చూసి ఉంటే ఆ ప్రశ్న నాదాకా వచ్చేది కాదు.

రెండవది, మొదట వచ్చే ధ్రువపత్రం చూడండి. యు అంటే అందరికీ, ఎ అంటే పెద్దలకు మాత్రమే అని మనకు తెలుసు. నడుమనున్న యు/ఎ గుర్తును 2024 నుండి మూడుగా విడదీశారు. 7+, 13+, 16+ అని ప్రక్కన ఉంటుంది. ఆ వయసులోపు పిల్లలకు తల్లిదండ్రులే ఆలోచించి చూపించాలని దాని భావం. రక్తం ఏరులై పారే చిత్రాన్ని, పేరున్న నటుడు ఉన్నాడని పసిపిల్లలకు చూపించకండి.

మూడవది, మంచివాటిని మీరే వెదికి పెట్టండి. 2024 సెప్టెంబరులో వచ్చిన 35 చిన్న కథ కాదు అనే చిత్రం మన సీమలోని తిరుపతిలో జరిగే కథ. లెక్కలు అర్థంకాని పిల్లవాడు, పదో తరగతి తప్పిన తల్లి. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి ప్రక్కన పెడితే పది ఎలా అవుతుందని వాడి సందేహం. అందరూ వాణ్ణి మొద్దు అంటే, ఆ తల్లి తాను లెక్కలు నేర్చుకొని వానికి నేర్పుతుంది. నివేదా థామస్ గారు ఆ తల్లిగా నటించారు. చదువు రాదని తమను తాము తక్కువగా అనుకునే మన తల్లులు తప్పక చూడదగినది. మీ అత్తగారిని కూడా ప్రక్కన కూర్చోబెట్టుకోండి. కోపం సగం తగ్గుతుంది.

నాలుగవది, ముఖ్యమైనది. చూసి లేచిన తరువాత పిల్లలను ఒక్క మాట అడగండి. "ఇందులో మనం ఎవరం?" అని. ఎంత చెడ్డ చిత్రంలోనైనా మనందరం కథానాయకుని ప్రక్కనే నిలబడతాం. దప్పికగొన్నవారిని చూసి జాలిపడతాం. నీళ్లు మూసిపెట్టుకున్నవాడు మనమేమో అని అనుకోము. పిల్లలు మాత్రం అనుకుంటారు. వాళ్లు జవాబు చెప్పినప్పుడు కసరకండి.

2898వ సంవత్సరంలో గంగ ఉంటుందో ఎండుతుందో మనం చూడబోము. ఈ వేసవిలో మన బోరు నీళ్లు ఎవరి చేనుకు పోతాయో మన చేతిలో ఉంది. వాన దేవుడిస్తాడు. తాళం మాత్రం మనమే వేస్తాం.

ఈ నెల మీ ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయవలసి ఉంటే, ఎవరూ పోకముందే చేయండి.

మీ ఇండ్లకు సమాధానము కలుగును గాక.